విడుదలైనా తలుపు తీయలేని మనిషి

జైలు నుంచి కొడుకు ఇంటికి వచ్చిన రోజున తల్లి షుక్రానా నమాజు చేస్తుంది. బంధువులు వస్తారు. వీధిలో మిఠాయి పంచుతారు. నెల తిరిగేసరికి ఆ ఇంట్లోనే మరో రకం మాటలు మొదలవుతాయి. "రాత్రిళ్లు నిద్రపోడు. గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడతాడు, ఎవరైనా తలుపు తీస్తేనే బయటికి అడుగుపెడతాడు. ఇంటి ముందు బండి ఆగిన చప్పుడైతే లేచి కూర్చుంటాడు. పలకరిస్తే విసుక్కుంటాడు. వీడికేమైంది?" ఏళ్ల తరబడి తాళం ఇతరుల చేతిలో ఉన్నవాడికి తన చేత్తో తలుపు తీసుకునే అలవాటు తప్పిపోతుందని ఆ తల్లికి ఎవరు చెబుతారు?

కేసుల గురించి మాట్లాడేటప్పుడు మనం వకీలు, బెయిలు, వాయిదా, తీర్పు అనే మాటల దగ్గరే ఆగిపోతాం. మనిషి మనసుకు ఏమయిందన్నది తీర్పు కాపీలో ఉండదు. ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందాం.

2007 మే 18 శుక్రవారం హైదరాబాదు మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. పేలుడులో కొందరు, ఆ తరువాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. అటుపై నెలల్లో పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పోలీసులు పట్టుకెళ్లారు. చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణలపై రాష్ట్ర మైనారిటీల కమిషన్ విచారణ జరిపించింది. ఆ యువకులపై పెట్టిన కేసులు కోర్టులో నిలవలేదు. 2012 జనవరిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వారికి పరిహారం ఇచ్చింది. కోర్టు నిర్దోషులని వదిలిన 20 మందికి తలా 3 లక్షల రూపాయలు, పట్టుకెళ్లి వదిలేసిన 50 మందికి తలా 20 వేలు. మొత్తం 70 లక్షలు. దాంతోపాటు మంచి నడవడి గలవారని పత్రాలు కూడా ఇచ్చారు. ఏ తప్పూ చేయనివాడికి మంచివాడని సర్కారు కాగితం ఇవ్వవలసి రావడమేమిటో! 2013 సెప్టెంబరులో హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వు చెల్లదని కొట్టివేసింది. ఇక పేలుడు కేసులో విచారణ ఎదుర్కొన్న అయిదుగురిని 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిర్దోషులని వదిలింది. జుమాకని వెళ్లి తిరిగిరాని మనిషి ఇంట్లోవాళ్లకూ జవాబు దొరకలేదు. వాళ్ల మనోవేదన కూడా ఈ లెక్కలోదే.

మనం ఎక్కువగా మరచిపోయేది విచారణ ఖైదీని. 2022 చివరినాటి సర్కారు లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది ఇంకా విచారణలోనే ఉన్నారు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు. ఆ విచారణ ఖైదీలలో దాదాపు అయిదో వంతు ముస్లింలు. 2011 జనాభా లెక్కల్లో మన వాటా 14 శాతమే.

శిక్ష పడినవాడికి ఒక తేదీ ఉంటుంది. గోడ మీద గీతలు గీసుకునైనా లెక్కపెట్టుకోగలడు. విచారణ ఖైదీకి ఆ ఆధారం కూడా లేదు. వాయిదా రోజున ఆశతో తల దువ్వుకుని కూర్చుంటాడు. ఎస్కార్టు పోలీసులు లేరంటారు, సాక్షి రాలేదంటారు, జడ్జిగారు సెలవంటారు. మళ్లీ నెల. ఇలా పదిసార్లు, ఇరవైసార్లు జరిగాక మనసు తనను తాను కాపాడుకోవడానికి ఆశ పెట్టుకోవడం మానేస్తుంది. బయటికి వచ్చాక కూడా ఆ ఆశ తిరిగి రాదు. "ఉద్యోగం చూసుకోరా" అంటే మొద్దులా కూర్చుంటే అది బద్ధకం కాదు. ఏం చేసినా ఫలితం ఉండదని ఏళ్ల తరబడి నేర్చుకున్న మనిషి అతను.

కొందరు లోపలే తెగిపోతారు. 2022లో మన జైళ్లలో జరిగిన అసహజ మరణాలలో ఎక్కువ భాగం ఆత్మహత్యలే. జైలుకు వెళ్లిన మొదటి రోజులు అన్నిటికంటే ప్రమాదమైనవని వైద్యులు అంటారు. అందుకే మొదటి ములాఖాత్‌కు వెళ్లేవారు అక్కడ ఏడ్చి, "నీ వల్ల పరువు పోయింది" అని తిట్టి రాకూడదు.

బీహారులో రుదుల్ సా అనే ఆయన కథ న్యాయశాస్త్ర పుస్తకాలకెక్కింది. 1968 జూన్‌లో కోర్టు ఆయనను నిర్దోషి అన్నది. ముజఫర్‌పూర్ జైలు నుంచి బయటికి వచ్చింది 1982 అక్టోబరులో! ఈ 14 ఏళ్లూ ఎందుకు ఉంచారని అడిగితే, మతి స్థిమితం లేదు కనుక ఉంచామన్నారు. అలాగని రుజువు చేసే సరైన కాగితం మాత్రం చూపలేకపోయారు. 1983లో సుప్రీంకోర్టు 30 వేల రూపాయలు ఇమ్మన్నది. మనసు బాగాలేదంటే ఆసుపత్రికి పంపాలి గాని జైల్లో అట్టిపెట్టడమేమిటి?

పాత ఢిల్లీకి చెందిన మొహమ్మద్ ఆమిర్ ఖాన్‌ను 1998లో పట్టుకెళ్లినప్పుడు వయసు 20 ఏళ్లు. పేలుళ్ల కేసులు ఒకదాని తరువాత ఒకటి వీగిపోతూ వచ్చినా విడుదలయ్యేసరికి 2012 జనవరి అయింది. ఈలోగా తండ్రి చనిపోయాడు. తల్లి పక్షవాతంతో మంచాన పడింది. 2016లో ఆయన తన కథను న్యాయవాది నందితా హక్సర్‌తో కలిసి ఇంగ్లీషు పుస్తకంగా వెలువరించారు. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ సిఫారసు మీద 5 లక్షలు అందాయి. అదే ఏడాది లా కమిషన్ తన 277వ నివేదికలో, తప్పుడు కేసుల్లో నలిగినవారికి డబ్బుతో పాటు మానసిక వైద్యం, కౌన్సెలింగు కూడా ఇవ్వాలని సూచించింది. సూచన కాగితం మీదే ఉంది.

కనుక ఆ పని ఇంటివాళ్ల మీదే పడుతోంది. ఇంట్లోవాళ్ల పరిస్థితీ అంత బాగుండదు. "అబ్బా దుబాయి వెళ్లాడు" అని పిల్లలకు చెప్పే ఇళ్లు ఉన్నాయి. బడిలో ఎవడో తోటి పిల్లవాడు నిజం చెబుతాడు. అప్పటినుంచి ఆ బిడ్డ తండ్రినే కాదు, అబద్ధమాడిన తల్లినీ నమ్మడు. వయసుకు తగ్గట్టు నాలుగు మాటల్లో నిజం మీరే చెప్పండి. భర్త లోపల ఉన్న కోడలిని అత్తింటివారు, పుట్టింటివారు ఇద్దరూ బరువనుకుంటారు. ఆమె తలనొప్పి, ఆకలి లేకపోవడం, నిద్రపట్టకపోవడం మందుల షాపు మాత్రలతో గడిచిపోతుంటాయి. ఆమెను ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లరు.

మరో మాట. మనిషి మారిపోయి వచ్చాడంటే మన ఇళ్లలో మొదట నజర్ అంటారు, జిన్ అంటారు. దువా చేయించుకోవడం, తావీజు కట్టించుకోవడం ఎవరి నమ్మకం వారిది. దాని పేరు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లడం మాత్రం వాయిదా వేయకండి. జరిగినవి కలల్లో తిరిగి రావడం, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడటం, జనం మధ్యకు రాలేకపోవడం, అకారణ కోపం నెలకు మించి ఉంటే అది జబ్బు. దానికి వైద్యం ఉంది. హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. "ఎర్రగడ్డ" అనే మాటను మనం తిట్టుగా వాడి ఎంత చెడ్డపని చేశామో! 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ వారు ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడతారు. తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోతానన్న మాట నోట వచ్చిందా, ఆ రోజే చేయండి.

ఇంకా లోపలే ఉన్నవారి సంగతి. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. న్యాయసేవల నంబరు 15100. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, ఇదివరకు ఏ నేరంలోనూ శిక్షపడని విచారణ ఖైదీ ఆ నేరానికి విధించగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం గడిపితే విడుదలకు అర్హుడు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవారికీ ఇది వర్తించదు. రోజులు లెక్కవేసి వకీలుగారిని అడగండి.

విడుదల రోజున ఇంకొక పని ఉంది, సంతోషంలో చాలామంది మరచిపోతారు. లోపల నిద్రమాత్రలో మనోవ్యాధి మందులో వాడుతున్నట్లయితే, జైలు ఆసుపత్రి చీటీలు అడిగి తెచ్చుకోండి. ఆ మందులు ఉన్నట్టుండి ఆపితే కొందరికి పరిస్థితి విషమిస్తుంది. మాత్రలు అయిపోయేలోగా, బంధువుల రాకపోకలు ముగియకపోయినా సరే, ఆ చీటీలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. కూడా అన్నో, చిన్నాన్నో వెళ్తే మంచిది. తలుపు కాస్త అతన్నే తీయనివ్వండి.