పరిగె గింజలతో నిండిన గాదె

వరికోతలు ముగిసి పనలు కుప్పకు చేరిన పిమ్మట, చేలో రాలిన కంకులను బీదవారు ఏరుకొందురు. దీనినే పరిగె అందుము. భారతమున సక్తుప్రస్థుని కుటుంబము ఇట్లు ఏరుకొన్న గింజలతోడనే జీవించినది గదా! ఈ పరిగెను ఒక మహానగరమంతటికి వర్తింపజేసిన సేవాసంస్థ ఒకటి అమెరికాలో, అరిజోనా రాష్ట్రపు ఫీనిక్స్ నగరమున కలదు. దాని పేరు సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్. ప్రపంచమున ఇట్టి ఆహారపు బ్యాంకులలో ఇదియే మొదటిదని చెప్పుదురు.

దీనికి మూలపురుషుడు జాన్ వాన్ హెంగెల్. ఆయన ఫీనిక్స్‌లో పేదలకు అన్నము పెట్టు ఒక భోజనశాలలో స్వచ్ఛందముగా పని చేయుచుండెను. ఆ నగరము ఎడారిలో నున్నదే గాని, అక్కడి పెరళ్లలో నారింజ, నిమ్మజాతి చెట్లు విరివిగా కాచును. ఇంటివారు తినగా మిగిలిన పండ్లు నేలరాలి కుళ్లిపోవుట చూచి, వారి అనుమతితో ఆయన వానిని కోసి భోజనశాలకు చేర్చెను. ఆ దినములలోనే, అంగళ్ల వెనుక చెత్తతొట్లలో పారవేసిన ఆహారమును ఏరి బిడ్డలను పోషించుకొనుచున్న ఒక తల్లి ఆయనకు తారసపడినది. పారవేయుటకు బదులు, డబ్బును బ్యాంకులో వేసినట్లు ఈ ఆహారమును ఒకచోట దాచిన, కావలసినవారు తీసికొందురు గదా అని ఆమె అన్నదట. బ్యాంకు అను మాట అట్లు వచ్చినది. సంస్థకు పేరు పెట్టినది పండితుడు కాదు, ఆకలి తెలిసిన ఇల్లాలు.

1967లో సెయింట్ మేరీస్ చర్చివారు 3,000 డాలర్లును, వాడుకలో లేని ఒక పాత రొట్టెల బట్టీ భవనమును ఇచ్చిరి. మొదటి సంవత్సరముననే వేయి క్వింటాళ్లకు మించిన ఆహారము ఆ గాదెలో చేరి, పేదల ఇండ్లకు తరలిపోయినది.

ఇంత ఆహారము మిగులుట ఎట్లు అని అడుగవచ్చును. చీటీ తప్పుగా అచ్చయిన డబ్బాలు, సొట్టపడిన పెట్టెలు, పండుగ దాటిపోయిన మిఠాయిలు, పరిమాణములో అంగడివాని కొలతకు రాని కూరగాయలు వర్తకునకు నష్టమే గాని నాలుకకు లోపము లేనివి. ఆహారపు బ్యాంకు లారీలు వీనిని గోదాములకు చేర్చును. అక్కడ స్వచ్ఛంద సేవకులు ఒక్కొక్క వస్తువును పరిశీలించి, చెడినదానిని తీసివేసి, మంచిదానిని వేరుచేయుదురు. పిదప చిన్న చిన్న ధర్మసంస్థలు, ప్రార్థనాలయములు, భోజనశాలలు తమకు కావలసినంత తీసికొనిపోవును. కొన్ని కుటుంబములకు బ్యాంకే నేరుగా పెట్టెలు కట్టి ఇచ్చును. దానమిచ్చిన పదార్థము వలన ఏదైన కీడు జరిగినచో వ్యాజ్యము వచ్చునను భయము వర్తకులకు చాలకాలముండెను. సద్భావముతో ఇచ్చినవారికి 1996లో అమెరికా ప్రభుత్వము చట్టరీత్యా రక్షణ కల్పించినది.

పిల్లలు గల కుటుంబములకు వేసవి గడ్డుకాలము. బడి మూతపడినంతనే బడిలో దొరకు మధ్యాహ్నభోజనమును ఆగిపోవును. అంతకంటె కష్టము వృద్ధులది. అద్దె తగ్గించి ఇచ్చుటకు వీలులేదు, మందు మానుటకు వీలులేదు. ఆ ఎడారి ఎండలలో గది చల్లబరచు యంత్రము ఆపిన ప్రాణమునకే ముప్పు. తగ్గించుకొనుటకు వీలున్న ఖర్చు తిండి ఒక్కటే. ఒంటరిగా నుండు ముసలమ్మ ఈ పూట తిన్నదో లేదో ప్రక్కవాటావారికి సైతము తెలియదు. ఆమె చెప్పదు కూడ.

ఇట్టివారికై అక్కడి కేంద్రప్రభుత్వ పథకమొకటి కలదు. 1969లో ఆరంభమైనప్పుడు అది తల్లులకు, పసిబిడ్డలకు ఉద్దేశించినది. 2014 నాటి చట్టముతో 60 ఏండ్లు నిండిన అల్పాదాయ వృద్ధులకు పరిమితమైనది. నెలకొక పెట్టె: డబ్బాలలో పండ్లు, కూరగాయలు, మాంసము లేక చేపలు, పాలు, జున్ను, ధాన్యము, చిక్కుడుజాతి గింజలు. పెట్టెలు ప్రభుత్వానివైనను, పంచు చేతులు తరచుగా ఆహారపు బ్యాంకులవే. నడువలేని వృద్ధులు తమ బదులు మరియొకరిని పంపవచ్చును. నియమములలో ఈ ఒక్క వాక్యము లేనిచో మిగిలిన పథకమంతయు సగము వ్యర్థమయ్యెడిదని నా అభిప్రాయము.

వాన్ హెంగెల్ 2005లో మరణించెను. నేడు అమెరికాలో ఇట్టి బ్యాంకులు సుమారు 200 ఒక కూటమిగా పనిచేయుచున్నవి. అయినను గోదాము ఎంత నిండిన అద్దె తగ్గదు, కూలి పెరుగదు. వరుసలో నిలుచువారు తగ్గుదురని ఎవరును చెప్పజాలరు. 2020లో కరోనా వ్యాపించి పనులు నిలిచిపోయినప్పుడు, అంతకుముందు ఎన్నడును చేయిచాపి ఎరుగని కుటుంబములు సైతము కార్లలో బారులు తీరినవి. సేవకులు ప్రశ్నలతో కాలయాపన చేయక, వెనుక డిక్కీ తెరచి, పెట్టె ఉంచి, మూసి, తరువాతి బండిని రమ్మని చేయి ఊపిరి.