మీకు తెలుసా? పాత వ్యాన్‌ను కిందికి దించితే నాలుగు రివర్స్ గేర్లు!

1950లో జర్మనీలో తయారీ మొదలైన ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వ్యాన్‌ను స్ప్రింగులు కోసి, ఎత్తు తగ్గించి కిందికి దించలేం. అసలు అందులో కాయిల్ స్ప్రింగులే ఉండవు. బరువు మోసేవి టార్షన్ బార్లు, అంటే మెలి తిరిగి మళ్లీ యథాస్థితికి వచ్చే ఉక్కు కడ్డీలు. వెనుక కడ్డీకి రెండు చివర్లా పళ్లుంటాయి, కానీ లోపలి చివరన ఉన్నన్ని బయటి చివరన ఉండవు. ఒక చివర ఒక పన్ను ముందుకు, రెండో చివర ఒక పన్ను వెనక్కి జరిపితే ఎత్తు కొంచెమే మారుతుంది. ఎంత తెలివైన ఏర్పాటో!

అసలు చిక్కు 1967 దాకా వచ్చిన వ్యాన్లతోనే. తొలి ఇంజిన్ శక్తి 25 హార్స్‌పవరే. అది బరువు లాగాలని వెనుక చక్రాల దగ్గర రిడక్షన్ గేర్ బాక్సులు పెట్టారు. వాటివల్లే వ్యాన్ అంత ఎత్తున నిలబడుతుంది. అవి తీసేస్తే వెనుక భాగం బాగా దిగుతుంది. అయితే ఆ బాక్సులు చక్రం తిరిగే దిశను కూడా మారుస్తాయి. గేర్‌బాక్స్‌లోని క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్ల చక్రాన్ని రెండో వైపుకు మార్చకపోతే, బండికి ముందుకు ఒక్క గేరు, వెనక్కి నాలుగు! అది మార్చినా, గేర్ నిష్పత్తి సరిచేయకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఆయాసపడుతుంది.

ముందు వైపు పని వేరు. రెండు అడ్డ గొట్టాల్లో సన్నని ఉక్కు పట్టీల కట్టలుంటాయి. గొట్టాన్ని మధ్యలో కోసి ఎత్తు మార్చే అడ్జస్టర్ వెల్డ్ చేస్తారు. షాక్ అబ్సార్బర్లూ పొట్టివి వేయాలి.