కూర్పుల నియంత్రణ

కూర్పుల నియంత్రణ లేదా వెర్షన్ కంట్రోల్ అనగా కంప్యూటరు ఫైళ్ళలో జరిగే మార్పులను, వాటిని ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేసారనే వివరాలతో సహా భద్రపరచే పద్ధతి. సాఫ్టువేరు తయారీలో దీని వాడుక సర్వసాధారణం. వికీపీడియాలో ప్రతి పేజీకి ఉండే "చరితం" కూడా ఈ సూత్రంపైనే పనిచేస్తుంది.

అవసరం

బచ్చన్నపేట మండలం 2016 అక్టోబరు 11 వరకు వరంగల్ జిల్లాలో ఉండేది. ఆ రోజున కొత్తగా ఏర్పడిన జనగామ జిల్లాలో చేరింది. మండలాల జాబితా గల ఫైలులో "వరంగల్" అనే పదాన్ని చెరిపి "జనగామ" అని వ్రాస్తే ఫైలు సరి అవుతుంది, కానీ పాత సమాచారం పోతుంది. 2011 జనగణన లెక్కలతో సరిచూసేవారికి ఆ పాత కూర్పే కావాలి. కూర్పుల నియంత్రణలో రెండూ నిలిచి ఉంటాయి.

చరిత్ర

1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ ఎస్.సి.సి.ఎస్. అనే వ్యవస్థను రూపొందించాడు. 1982లో వాల్టర్ టిచీ తయారుచేసిన ఆర్.సి.ఎస్. వచ్చింది. తరువాత వచ్చిన సి.వి.ఎస్., సబ్‌వర్షన్‌లలో చరిత్ర అంతా ఒకే సర్వరులో ఉండేది. లినక్స్ కెర్నల్ అభివృద్ధికి వాడుతున్న బిట్‌కీపర్ ఉచిత వాడుక ఆగిపోవటంతో, 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ గిట్‌ను ప్రారంభించాడు. ఇందులో సాధారణంగా ప్రతి సభ్యుని కంప్యూటరులోను పూర్తి చరిత్ర ఉంటుంది.

గిట్‌లో ముఖ్యమైన ఆదేశాలు

* ఇనిట్: ఒక ఫోల్డరులో కొత్త రిపాజిటరీని, అనగా కూర్పుల భాండాగారాన్ని, ప్రారంభిస్తుంది.
* క్లోన్: ఉన్న రిపాజిటరీని చరిత్రతో సహా నకలు చేస్తుంది.
* స్టేటస్: ఏయే ఫైళ్ళు మారాయో చూపుతుంది.
* డిఫ్: మారిన వాక్యాలను చూపుతుంది. పై ఉదాహరణలో "వరంగల్" ఉన్న వరుస తీసివేతగా, "జనగామ" ఉన్న వరుస చేర్పుగా కనిపిస్తాయి.
* యాడ్: తరువాతి కూర్పులో చేరవలసిన మార్పులను ఎంపిక చేస్తుంది.
* కమిట్: ఎంపికైన మార్పులను ఒక వివరణతో భద్రపరుస్తుంది. "మార్చాను" అనటం కంటే "2016 పునర్వ్యవస్థీకరణ ప్రకారం జిల్లా పేరు మార్పు" అనటం ఉపయోగకరం.
* లాగ్: కమిట్‌ల చరిత్రను చూపుతుంది.
* రివర్ట్: పాత కమిట్‌ను చెరపకుండా, దానిని రద్దుచేసే కొత్త కమిట్‌ను చేరుస్తుంది.
* పుష్, పుల్: మార్పులను వేరొక రిపాజిటరీకి పంపుతాయి, అక్కడినుండి తెచ్చి కలుపుతాయి.

శాఖలు, ఘర్షణలు

ప్రధాన పనికి భంగం కలగకుండా విడిగా మార్పులు చేయటానికి బ్రాంచ్ (శాఖ) ఉపయోగపడుతుంది. పని పూర్తయ్యాక దానిని మెర్జ్ ఆదేశంతో కలుపుతారు. ఒకే వరుసను ఒకరు "జనగామ" అని, మరొకరు "జనగామ జిల్లా" అని మార్చితే ఘర్షణ ఏర్పడుతుంది. ఏది ఉంచాలో గిట్ నిర్ణయించదు. సభ్యులే నిర్ణయించి కమిట్ చేయాలి.

జాగ్రత్తలు

కమిట్ చేయని మార్పులకు రక్షణ లేదు. "రీసెట్" ఆదేశాన్ని "హార్డ్" ఎంపికతో వాడితే అవి పోతాయి. పుష్ చేయని కమిట్‌లు ఆ ఒక్క కంప్యూటరులోనే ఉంటాయి కనుక, డిస్కు చెడిపోతే అవీ పోతాయి. ఇందుకు భిన్నంగా, పొరపాటున కమిట్ చేసిన పాస్‌వర్డును తరువాతి కూర్పులో తొలగించినా చరిత్రలో మిగిలే ఉంటుంది. అటువంటప్పుడు పాస్‌వర్డునే మార్చివేయాలి.