డీజిలు ‘చిప్’ కొనే ముందు ట్యాంకు లెక్క చూసుకోండి

గజ్వేల్, సిద్దిపేట వైపు నుంచి సికింద్రాబాద్ బోయినపల్లి మార్కెట్‌కు తెల్లవారకముందే కూరగాయల బండ్లు చేరుతుంటాయి. కొందరు రైతులు కిస్తీల మీద సొంతంగా ట్రాలీ తీసుకుని, తమ టమాటతో పాటు ఊళ్లోని మరో నలుగురి సరుకు కూడా వేసుకొస్తారు. వచ్చిన కిరాయిలో పెద్ద వాటా డీజిలుకే పోతుంది. అందుకే “ఈ చిప్ పెట్టించుకో, లీటరుకు మూడు కిలోమీటర్లు ఎక్కువ ఇస్తుంది” అని ఎవరైనా అంటే చెవి అటే పోతుంది. స్పేర్ల కోసం రాణిగంజ్ వెళ్లినప్పుడు గానీ, ఫోనులో ప్రకటన చూసినప్పుడు గానీ ఈ మాట మీ దాకా వచ్చే ఉంటుంది. పది పదిహేను వేలు పెట్టే ముందు అది ఏమిటో, ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం మంచిది.

చిప్ పేరుతో మూడు రకాల సరుకు

మొదటిది ఐదారు వందలకు దొరికే చిన్న ప్లగ్గు. స్టీరింగు కింద మెకానిక్కులు కంప్యూటరు తగిలించి చూసే ఓబీడీ సాకెట్లో దీన్ని గుచ్చమంటారు. ఇలాంటివాటిని విప్పి చూస్తే చాలావాటిలో లైట్లు వెలిగి ఆరే చిన్న సర్క్యూటు తప్ప ఇంకేమీ కనపడలేదు. దీని గురించి ఇంతకు మించి చెప్పుకోనక్కర్లేదు.

రెండోది ట్యూనింగ్ బాక్సు. ఇది నిజంగానే పనిచేసే వస్తువు. మూడోది రీమ్యాప్. అంటే బండి కంప్యూటరులో (ఈసీయూ) కంపెనీ రాసిన లెక్కలనే మార్చి రాయడం. ఈ రెండూ కామన్ రైల్ ఇంజన్లకే పనికొస్తాయి. మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు అంతటా అమలయ్యాయి. ఆ తర్వాత వచ్చిన డీజిలు లోడు బండ్లలో ఉండేవి ఎక్కువగా ఈ ఇంజన్లే. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్ లాంటి పాత బండ్లలో డీజిలు కొట్టేది మామూలు మెకానికల్ పంపు. అందులో అబద్ధం చెప్పించుకోవడానికి కంప్యూటరే లేదు. అలాంటి బండికి చిప్ అమ్మజూపేవాడిని నమ్మనే వద్దు.

అబద్ధం అని ఎందుకంటున్నామంటే, బాక్సు చేసే పని సరిగ్గా అదే. కామన్ రైల్లో డీజిలు ఒక ఉక్కు గొట్టంలో విపరీతమైన ఒత్తిడితో నిలవ ఉంటుంది. పాత ఇంజన్లలో నాజిల్ సుమారు 200 బార్ దగ్గర తెరుచుకుంటే, ఇందులో ఒత్తిడి లోడును బట్టి వెయ్యి బార్ దాటి పోతుంది, కొన్నింటిలో 2,000 దాకా చేరుతుంది. కారు టైరులో గాలి రెండున్నర బార్ మాత్రమేనని గుర్తు చేసుకుంటే ఇది ఎంతటిదో తెలుస్తుంది. ఆ గొట్టం మీద ఒత్తిడి కొలిచే సెన్సారు ఉంటుంది. బాక్సును సెన్సారుకూ కంప్యూటరుకూ మధ్య తగిలిస్తారు. ఉన్న ఒత్తిడి కంటే తక్కువ ఉందని అది కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు నిజమేననుకుని ఒత్తిడి పెంచుతుంది. నాజిల్ తెరుచుకునే సమయం అంతే ఉన్నా ఎక్కువ డీజిలు లోపల పడుతుంది. బలం పెరుగుతుంది.

అంటే పెరిగింది డీజిలు. మరి ఆదా ఎక్కడిది? అమ్మేవాళ్లు చెప్పే జవాబులో కొంత నిజం ఉంది. ఇంజను లాగే బలం పెరిగితే గేరు ముందుగానే మార్చుకోవచ్చు, తక్కువ చక్కర్ల మీద బండిని నడపొచ్చు, దానివల్ల కొంత మిగులుతుంది. ఆ మిగిలేది డ్రైవరు కాలిలో ఉంది. బలం వచ్చింది కదా అని తొక్కేవాడి చేతిలో ఖర్చు పెరుగుతుంది. రీమ్యాప్‌లో ఇంజెక్షన్ జరిగే క్షణాన్ని కూడా కాస్త ముందుకు జరిపి నిజంగా కొంత ఆదా చేయొచ్చు గానీ, దానివల్ల పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. బీఎస్ నిబంధనలు తగ్గించమన్నది వాటినే.

“మీ ఇంజనులో డీజిలు సగం కాలకుండానే పోతోంది, మా చిప్ పూర్తిగా కాలుస్తుంది” అని కూడా అంటారు. ఇది తప్పు. బాగున్న డీజిలు ఇంజనులో నూటికి 98 వంతులకు పైగా డీజిలు కాలిపోతుంది. పుట్టిన వేడిలో పనికొచ్చేది మూడో వంతు నుంచి ఐదింట రెండు వంతుల దాకా, మిగిలింది సైలెన్సరు గుండా, రేడియేటరు గుండా పోతుంది. కాలకుండా పోయేదే అంత తక్కువైనప్పుడు దాన్ని పట్టుకుని 25 శాతం ఆదా చేయడం కుదరని పని. అమెరికాలో అక్కడి పర్యావరణ సంస్థ ఇంధనం ఆదా చేస్తాయన్న పరికరాలను ఏళ్ల తరబడి వందకు పైగా పరీక్షించింది. కాస్తో కూస్తో ఫలితం చూపినవి అతి కొద్ది.

మీటరు చూసి మోసపోవద్దు

ఇది చాలామందికి తెలియని సంగతి. బాక్సు పెట్టాక డ్యాష్‌బోర్డు మీద లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని చూపే అంకె పెరగొచ్చు. “చూశావా అన్నా, 12 ఉన్నది 14 అయింది” అంటాడు అమ్మినవాడు. ఆ అంకెను లెక్క కట్టేది ఈసీయూ. దానికి అందుతున్నది తక్కువ చేసి చెప్పిన ఒత్తిడి కదా. కాబట్టి తక్కువ డీజిలు పడిందనుకుని లెక్క వేస్తుంది. నిజం తెలిసేది బంకు దగ్గరే.

ఒకే బంకులో, ఒకే గన్నుతో, మొదటిసారి కట్ అయ్యేదాకా ట్యాంకు నింపండి. మీటరు రీడింగు రాసుకోండి. ఎప్పుడూ పోయే దారిలో, ఎప్పుడూ వేసే లోడుతో పోయి వచ్చి, మళ్లీ అదే బంకులో అలాగే నింపండి. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. ఇలా చిప్ లేకుండా మూడు ట్రిప్పులు, పెట్టాక మూడు ట్రిప్పులు చూడాలి. ఒక్క ట్రిప్పు చూసి తేల్చకూడదు. ఎదురుగాలి, ట్రాఫిక్, వానకు తడిసిన సరుకు బరువు కూడా రెండు మూడు శాతం తేడా తెస్తాయి. ఇలా చూసుకోవడానికి పది రోజులు గడువిచ్చి, తేడా లేకపోతే డబ్బు వాపసు ఇస్తానని కాగితం మీద రాసిస్తాడేమో అడగండి. రాసివ్వనంటే మీకు జవాబు దొరికినట్టే.

ఇప్పుడు డబ్బు లెక్క. సిద్దిపేట నుంచి బోయినపల్లికి రానూపోనూ సుమారు 200 కిలోమీటర్లు. బండి లీటరుకు 12 ఇస్తోందనుకుంటే దాదాపు 16.7 లీటర్లు పడుతుంది. లెక్క సులువు కోసం లీటరు 100 రూపాయలు అనుకుందాం. చిప్ నిజంగానే 5 శాతం ఆదా చేసిందనుకున్నా ట్రిప్పుకు మిగిలేది 83 రూపాయలు. పదిహేను వేలు తిరిగి రావాలంటే 180 ట్రిప్పులు తిరగాలి. వారానికి మూడు ట్రిప్పుల చొప్పున ఏడాది దాటుతుంది. ఈలోగా ఒక్క ఇంజెక్టరు పోతే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఎక్కువ ఒత్తిడి పడేది ఇంజెక్టర్లు, హైప్రెషర్ పంపు, టర్బో, క్లచ్చి ప్లేట్ల మీదే. వారంటీలో ఉన్న బండైతే కంపెనీ చేతులెత్తేస్తుంది. బీఎస్-6 బండ్లలో సైలెన్సరులోని మసి పట్టే జల్లెడ త్వరగా పూడుకుపోతుంది.

చట్టం సంగతి కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలుంది. పొగ నిరోధక పరికరాలను పీకేయించే రీమ్యాప్ అయితే ఆ జోలికే పోకండి.

కంపెనీ ఇచ్చిన మీట వాడుతున్నారా?

బయట కొనే చిప్ చేస్తానంటున్న పనిలో మంచి భాగాన్ని కంపెనీలే కొన్ని బండ్లలో పెట్టి ఇస్తున్నాయి. మహీంద్రా 2016లో తెచ్చిన బ్లేజో లారీలో టర్బో, హెవీ, లైట్ అని మూడు మోడ్‌ల మీట ఉంది. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు లైట్‌లో పెడితే ఇంజను అవసరానికి మించి డీజిలు తాగదు. చిన్న బండ్లలో 2019లో వచ్చిన టాటా ఇంట్రాకు ఎకో మీట, గేరు ఎప్పుడు మార్చాలో చెప్పే సూచిక ఉన్నాయి. మీ బండిలో ఇలాంటిది ఉందో లేదో చూసుకోండి. ఘాటు ఎక్కేటప్పుడు తప్ప అది నొక్కే ఉంచడం మంచిది.

అసలు ఆదా ఎక్కడ?

రాజీవ్ రహదారి మీద వస్తుంటే బొల్లారానికి ముందే హకీంపేట వస్తుంది. ఆర్టీసీ సిబ్బందికి శిక్షణ ఇచ్చే కేంద్రం అక్కడే ఉంది. వేల బస్సులు నడిపే సంస్థ, డీజిలు ధర పెరిగితే మనకంటే ఎక్కువ దెబ్బ తినేది. వాళ్లు ప్రతి డ్రైవరు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడో డిపోలో లెక్క రాస్తారు. అదే దారిలో, అదే రకం బస్సు మీద ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ వస్తే తేడా డ్రైవింగులో ఉందో, బండిలో ఉందో వెతుకుతారు. పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ (పీసీఆర్ఏ) 1978 నుంచి దేశమంతా చెబుతున్నది కూడా ఈ దారే.

మొదట వేగం. గాలి అడ్డు వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 60 మీద పోయే బండిని 80కి తీసుకెళ్తే గాలి అడ్డు ఒకటిముప్పావు రెట్లు అవుతుంది. క్రేట్లు క్యాబిన్ కంటే ఎత్తుగా పేర్చి, పట్టా వదులుగా కట్టి అది టపటపా కొట్టుకుంటుంటే ఇంకా ఎక్కువ. పట్టా బిగించి కట్టడానికి పైసా ఖర్చు లేదు. మార్కెట్ గేటు దగ్గర వరుసలో నిలబడ్డప్పుడు ఇంజను ఆపేయండి. నిలబడ్డ బండి ఇచ్చే మైలేజీ సున్నా.

తర్వాత బండి. టైర్లలో గాలి పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మన మట్టి రోడ్ల మీద తిరిగే బండికి ఏర్ ఫిల్టరు పుస్తకంలో రాసినదానికంటే ముందే మూసుకుపోతుంది. బ్రేకు పట్టేస్తోందేమో తెలుసుకునే చిట్కా ఒకటుంది: పది కిలోమీటర్లు నడిపాక బ్రేకు ఎక్కువ తొక్కకుండా బండి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి జాగ్రత్తగా దగ్గరకు పెట్టి చూడండి. మిగతా వాటికంటే ఒకటి సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు విడవడం లేదు, మీ డీజిలు అక్కడ కాలుతోంది.

డెఫ్ ట్యాంకు ఉన్న బండ్ల వాళ్లకు ఒక హెచ్చరిక. అందులో పోసేది 32.5 శాతం శుద్ధమైన యూరియా ద్రావణమే గానీ, పొలంలో చల్లే యూరియా పనికిరాదు. మనకు వచ్చేది వేప పూత యూరియా. నీళ్లలో కలిపి పోస్తే నాజిల్ పూడుకుపోతుంది, బాగుచేయించే ఖర్చు ఎన్నో బస్తాల ధరకు పైనే ఉంటుంది.

ట్రాక్టరుకు పెట్టొచ్చా?

50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 నిబంధన వచ్చింది గానీ, మన చిన్న కమతాల్లో తిరిగే ట్రాక్టర్లు చాలావరకు అంతకు తక్కువవే, పంపు ఇంజన్లే. వాటికి చిప్ పెట్టలేరు. వాటికి ఊళ్లో జరిగే ‘ట్యూనింగు’ వేరు. కేజ్‌వీలు దమ్ములో లాగడం లేదంటే పంపు స్క్రూ ఒక చుట్టు తిప్పేస్తారు. డీజిలు ఎక్కువ పడుతుంది, దానికి తగ్గ గాలి ఉండదు, నల్లపొగ వస్తుంది. బలం పెరిగిందనుకుంటాం గానీ ఆ పొగంతా మన డబ్బే. పంపు మీద కంపెనీ వేసిన సీలు తెంపనివ్వకండి. లాగుడు తగ్గితే ముందు ఏర్ ఫిల్టరు, డీజిలు ఫిల్టరు చూసి, అప్పటికీ కాకపోతే నాజిల్, పంపు టెస్ట్ బెంచి మీద పెట్టి సరిచేసే షాపుకు తీసుకెళ్లండి. మనవాళ్లు మైకో పంపు షాపు అనేది అదే. ఆ కంపెనీ 2008లో బాష్‌గా పేరు మార్చుకున్నా జనం నోట ఇంకా మైకోనే. నాజిల్ ఒత్తిడి ఎంతకు పెట్టారో, పంపు ఎన్ని సీసీలు కొడుతోందో బిల్లు మీద రాయించుకోండి. వచ్చే సీజనులో మళ్లీ తేడా వస్తే పోల్చి చూసుకోవచ్చు.