హార్ప్ స్విచ్ వేస్తే భూమి కదులుతుందా?

2016 అక్టోబరులో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పోలీసులు ఇద్దరిని పట్టుకున్నారు. వాళ్ల దగ్గర తుపాకులు, బోలెడన్ని తూటాలు దొరికాయి. వాళ్లు చెప్పిందేమిటంటే, పై వాతావరణాన్ని పరిశోధించే అలాస్కాలోని హార్ప్ కేంద్రంలో ఆత్మలను బంధించారట, వాటిని విడిపించాలట! మాట నవ్వొచ్చేదే గానీ తుపాకులు ఉత్తుత్తివి కావు.

2023 ఫిబ్రవరిలో తుర్కియే, సిరియాల్లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చి యాభై వేల మందికి పైగా చనిపోయారు. శిథిలాలు తొలగించకముందే ‘ఇది హార్ప్ పనే’ అన్న వీడియోలు ఫోన్లకెక్కాయి. సరే, లెక్క వేద్దాం. గకోనా ఊరి దగ్గరున్న ఆ కేంద్రంలో 180 యాంటెన్నాలు, ట్రాన్స్‌మిటర్ల గరిష్ఠ శక్తి 3.6 మెగావాట్లు. అంతటి భూకంపం తరంగాలుగా వెదజల్లే శక్తిని అది కూడబెట్టాలంటే, క్షణం ఆగకుండా పనిచేసినా దాదాపు 280 ఏళ్లు పడుతుంది. తొలి నిజాం దక్కనును ఏలుతున్న రోజుల్లోనే ఎవరో స్విచ్ వేసి ఉండాలన్నమాట.

పైగా ఆ శక్తి వెళ్లేది ఆకాశంలోకి, నేలలోకి కాదు. 2.7 నుంచి 10 మెగాహెర్ట్జ్ దాకా ఉండే ఆ తరంగాలు మేఘాలను దాటిపోయి, ఎక్కడో 80 కిలోమీటర్ల పైనున్న అయనావరణంలో చిన్న భాగాన్ని కాసేపు వేడి చేస్తాయి. హార్ప్ వానలు, తుపాన్లు పుట్టిస్తుందనే మాటా అంతే, అవి పుట్టేది దానికి చాలా కింద. ఇక అది మనసులను లోబరుచుకుంటుందన్న ప్రచారమా? ఆ పని సెల్‌ఫోన్ ఇంతకన్నా బాగా చేస్తోంది.

మిలిటరీ ప్రమేయం మాత్రం నిజం, ఒప్పుకోక తప్పదు. హార్ప్‌కు డబ్బు పెట్టినవాటిలో అమెరికా వైమానిక, నావికాదళాలున్నాయి. జలాంతర్గాములకు సందేశాలు చేరవేసే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలను అయనావరణంలోనే పుట్టించవచ్చేమో చూశారు. 2015లో కేంద్రాన్ని అలాస్కా విశ్వవిద్యాలయానికి అప్పగించేశారు. అప్పుడప్పుడూ తలుపులు తెరిచి జనాన్ని లోపలికి రానిస్తున్నారు కూడా.

దాపరికం అనుమానాలను పెంచుతుంది, అదీ నిజమే. చెర్నోబిల్ దగ్గరి అడవిలో సుమారు 150 మీటర్ల ఎత్తున్న దుగా రాడార్‌ను సోవియట్ మ్యాపుల్లో పిల్లల శిబిరంగా చూపించారు! 1976 నుంచి 1989 దాకా సెకనుకు పదిసార్లు టకటకమంటూ అది షార్ట్‌వేవ్ రేడియోలను వేధించింది. హ్యామ్ రేడియో వాళ్లు దాన్ని ‘రష్యన్ వడ్రంగిపిట్ట’ అన్నారు. దాని అసలు పని అమెరికా క్షిపణి లేవగానే పసిగట్టడం. రాడార్ వైఫల్యం బయటపడకుండా చెర్నోబిల్ రియాక్టర్‌ను పేల్చేశారన్న కథకు ఆధారమే లేదు.

దుగా లాంటి పాడుబడ్డ కేంద్రం ఎందుకు కట్టారో తెలియాలంటే ముందు యాంటెన్నా కొలత చూడాలి. దాన్నిబట్టి తరంగం పొడవు, ముఖం పెట్టిన దిక్కునుబట్టి లక్ష్యం అంచనాకు వస్తాయి. ఇక మన వికారాబాద్ జిల్లా దామగుండంలో 2024 అక్టోబరులో నావికాదళ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అది జలాంతర్గాములతో మాట్లాడటానికి. తమిళనాడులో ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ 1990 నుంచీ చేస్తున్న పనే ఇది. వింత ఆయుధాల కథలు పక్కనపెట్టి, అక్కడ ఎన్ని చెట్లు కొడతారో, వాగుల సంగతేమిటో అధికారులను నిలదీసి అడగాలి.