మహానగరములో బస: అద్దె చూడవలెనా, చేరువ చూడవలెనా?

పండుగకు చీర కొనవలసినపుడు మనము పది దుకాణములు తిరిగి, నేత చూచి, రంగు నిలుచునాయని విచారించి గాని రూపాయి తీయము. కాని మహానగరమునకు పోయి నాలుగు దినము లుండవలసివచ్చినపుడు బసనుగూర్చి యంత విచారణ చేయువారు తక్కువ. "పడుకొనుటకే గదా, యెక్కడనైన నేమి?" యని యద్దె తక్కువయైనచోట దిగుదుము. పూర్వకాలమున నీ చిక్కు లేదు. ఎఱిగినవారి యిల్లో, సత్రమో, పూటకూళ్ల యిల్లో దిక్కుగా నుండెడిది. నేడు సెల్‌ఫోను తెరచినచో నొక్క చెన్నపట్టణముననే వందలకొలది గదులు ఫోటోలతోసహా కన్పట్టును. వానిని తక్కువ యద్దె మొదలుకొని వరుసగా పేర్చి చూపుటయు కలదు. ఆ వరుసను నమ్మి మే మొకమారు పొరపడితిమి. ఆ సంగతి మన సోదరీమణులకు పనికివచ్చునని వ్రాయుచున్నాము.

మాది బడిపంతులుగారి సంసారము. రెండేండ్ల క్రిందట మా యత్తగారి కుడికంటి శుక్లము ముదిరి, చెన్నపట్టణమున నుంగంబాకములోని యొక కంటి వైద్యశాలకు తీసికొనిపోవలసివచ్చెను. మొదటి దినము పరీక్ష, రెండవ దినము శస్త్రచికిత్స, మూడవ దినము మరల చూపించుట. ప్రయాణముతో కలిపి నాలుగు దినముల బస. వైద్యశాల చేరువను లిఫ్టు గల గది దినమునకు 1,700 రూపాయలు. తాంబరము వైపున నొక లాడ్జిలో 900 రూపాయలే. నాలుగు దినములకు 3,200 రూపాయల భేదము. మావారు కాగితముపై లెక్కవేసి, "ఈ మూడువేలతో పిల్లదాని పరీక్ష ఫీజు గడచిపోవును గదా" యనిరి. మాకును సబబుగానే తోచెను. అత్తగారు మాత్రము, "మీ యిష్టం నాయనా, నాకు ఎక్కడైనా ఒకటే" అనిరి. ఇంటిలోని పెద్దవారు "ఒకటే" యన్నపుడు దానికి రెండవ యర్థ ముండునని మాకు తరువాతగాని తెలియలేదు.

తాంబరమునుండి నుంగంబాకమునకు తిన్నగా ఎలక్ట్రిక్ రైలు కలదు. ఆ మార్గమున 1931లోనే విద్యుత్తు రైళ్లు నడచుట మొదలయ్యెను, ఖర్చును స్వల్పము. మేము దానిని నమ్ముకొనియే యా గది కుదుర్చుకొంటిమి. కాని ప్రొద్దున నుద్యోగులు క్రిక్కిరిసి యెక్కు వేళ, చూపు మందగించిన డెబ్బదియేండ్ల మనిషిని వంతెన మెట్లెక్కించి, రైలు నిలుచు కొలది క్షణములలో లోని కెక్కించుట యెట్లు? స్టేషనులో నిలుచుండి చూచిన పిమ్మట మాకు ధైర్యము చాలలేదు. కారు మాటలాడుకొంటిమి. పోవుటకు 550, వచ్చుటకు 550. ఒక్కొక్కమారు దారిలో గంటన్నర.

శస్త్రచికిత్స యైన సాయంకాలము మరలి వచ్చునపుడు రోడ్డు గతుకు వచ్చిన ప్రతిమారును అత్తగారు కంటిమీది మూతకు చేయి యడ్డముపెట్టుకొనుచుండిరి. నొప్పియా యని యడిగిన లేదనిరి. బసకు వచ్చి పడుకొన్న కొంతసేపటికి తల తిరుగుచున్నదనిరి. పెదవు లెండిపోయియున్నవి. నీళ్లిచ్చి మెల్లగా నడుగగా నపుడు చెప్పిరి: "అమ్మాయీ, నీళ్లు తాగితే దారిలో ఇబ్బంది గదా. కారు ఎక్కడని ఆపమనను? ఆ డ్రైవరు మగపిల్లవాడాయె. అందుకని రెండు రోజులనుంచీ గొంతు తడుపుకొని ఊరుకున్నాను." మే మా రాత్రి నిద్రపోలేదు. మూడువేలు మిగిల్చితిమని యనుకొన్న మేము, ఆ మూడువేలను ఆమె దప్పికనుండి మిగుల్చుచుంటిమి.

ఇంటికి వచ్చినతరువాత లెక్క మరల వేసితిమి. తాంబరపు గది 3,600. వైద్యశాలకు మూడు దినముల రాకపోకలు, ఆరు ప్రయాణములకు 3,300. సెంట్రలు స్టేషనునుండి పోవుటకును, తిరిగి వచ్చుటకును 1,400. మొత్తము 8,300 రూపాయలు. చేరువ గది కుదుర్చుకొనియుండిన 6,800, స్టేషనుకు రాకపోకలు 500, వైద్యశాలకు ఆటోలో ఆరుమారులకు 360, వెరసి 7,660. అనగా తక్కువదని తీసికొన్న గది 640 రూపాయలు ఎక్కువకు వచ్చినది. దారిలో పోయిన తొమ్మిది గంటలును, పెద్దామె పడిన బాధయు నీ లెక్కలో చేరనేలేదు.

ఇంతమాత్రమున చేరువయే మంచిదని తీర్పు చెప్పుటకు వీలులేదు. ఆ మఱుసటి యేడు మా యాడుబిడ్డ కుమార్తె వివాహమునకు పట్టుచీరలు కొనుటకై పోయితిమి. మొదటి యనుభవముచేత భయపడి, నగరమునకు నడుమనున్నది గదాయని సెంట్రలు స్టేషను ప్రక్కనే దినమునకు 2,400 ఇచ్చి దిగితిమి. మా పనియో త్యాగరాయనగరములో, పానగల్లు పార్కు చుట్టుప్రక్కల దుకాణములలో. (1921 మొదలు 1926 వరకు మదరాసు రాజధాని ముఖ్యమంత్రిగా నుండిన పానగల్లు రాజావారి పేరనే యా పార్కు వెలసినది.) రంగనాథన్ వీధి కొననే మాంబళము స్టేషను కలదు. ఆ వైపున నింతకంటె తక్కువకే శుభ్రమైన గదులున్నవి. మేము రాత్రి రోడ్డు రొదలో నిద్రలేక, పగలు మూటలతో తిరిగి తిరిగి, ఇచ్చిన సొమ్మునకు ఫలము పొందకపోతిమి. మొదటిమారు చవుకను చూచి పొరపడితిమి. రెండవమారు చేరువయను మాటను చూచి పొరపడితిమి. "దేనికి చేరువ?" యని ప్రశ్నించుకొనకపోవుటయే రెండవ పొరపాటు.

కావున మేము నేర్చుకొన్న దిది. నగరమునకు నడుమ యనునది యెవరికిని బస చేయవలసిన చోటు కాదు. ఎవరు పోవుచున్నారు, ఏ పనిమీద, ఆ దినములలో నన్నిటికంటె కష్టమైన గడియ యేది, ఆ గడియ కెక్కడ నుండవలెను? బస దానికి చేరువ గావలెను. రోగితో పోవువారికి వైద్యశాలయే కేంద్రము. పిల్లను పరీక్షకు తీసికొనిపోవువారికి తెల్లవారుజామున చేరవలసిన పరీక్షశాల కేంద్రము. తెల్లవారక పూర్వమే రైలెక్కవలసినవారికి స్టేషనే కేంద్రము. ఆరోగ్యవంతులై, బరువు లేక, వేడుక చూడబోవువారికి మాత్రము దూరపు గదియే లాభము. అయితే వారును దూరమును కిలోమీటర్లతో గాక, రైలు స్టేషనునకు నడచు నిముషములతో కొలువవలెను. స్టేషనుకు ఐదు నిముషముల నడకలో నున్న తాంబరపు గది, రైలునకు దూరమైన నడినగరపు గదికంటె నొక్కొక్కప్పుడు దగ్గఱ.

దిగు చోటునుకూడ ముందే తెలిసికొనవలెను. మన విజయవాడనుండి పోవు పినాకిని రైలు సెంట్రలున నిలుచును. అచ్చటనుండి రోడ్డు దాటినచో పార్కు స్టేషనులో తాంబరము రైళ్లు దొరకును. సెంట్రలునుండి మెట్రో రైలులో ఎగ్మూరునకును పోవచ్చును. ఆంధ్రదేశపు బస్సులకై 2018లో మాధవరమున వేఱుగ బస్సు స్టాండు తెరచిరి. అచ్చట దిగువారికి స్టేషను లెక్క పనికిరాదు.

గది కుదుర్చుకొనుటకు పూర్వము ఫోనులో నడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. దినము లెక్క యెట్లు? కొన్నిచోట్ల దిగిన గడియనుండి యిరువదినాలుగు గంటలు. కొన్నిచోట్ల మధ్యాహ్నమునకు మధ్యాహ్నము. తెల్లవారి రైలు దిగువారికి రెండవ పద్ధతిలో సగము దినము వ్యర్థము కావచ్చును. చెప్పిన యద్దెలో పన్ను చేరినదా? 2025 సెప్టెంబరు 22 నుండి దినమునకు 7,500 రూపాయలవఱకు గల గదులకు జి.ఎస్.టి. 5 శాతము. లిఫ్టు కలదా, లేక గది యే యంతస్తున? వేడినీళ్లు ఏ వేళలో వచ్చును? మోకాళ్ల నొప్పులవారు కూర్చుండదగిన మరుగుదొడ్డి కలదా? రాత్రి తొమ్మిది గంటలకు స్త్రీలు నడచి రాదగిన వీధియేనా? ఈ తుదిప్రశ్న నచ్చట పనిచేయు స్త్రీ యెవరైన నున్నచో నామెనే యడుగుట మేలు. ఒక్క పూట మాత్రమే నిలువవలసినవారికి సెంట్రలు వంటి పెద్ద స్టేషనులలో విశ్రాంతిగదులున్నవి, టిక్కెట్టుమీది పి.ఎన్.ఆర్. సంఖ్యతో ముందుగా కుదుర్చుకొనవచ్చును.

లెక్క వేయుట పురుషుల పనియని మనము ప్రక్కకు తొలగరాదు. అద్దె కాగితమున కెక్కును. నడుమునొప్పి, దప్పిక, సిగ్గు ఎక్కవు. అవి యెఱిగినవారము మనమే గనుక, వానిని లెక్కలో చేర్చవలసినవారమును మనమే.

మొన్న మాఘమాసమున అత్తగారి యెడమకంటికిని శస్త్రచికిత్స జరిగినది. ఈమారు వైద్యశాలకు రెండు వీధుల యవతల గది తీసికొంటిమి. మావారు మారు పలుకలేదు. పరీక్ష ముగిసి, మరల పిలుచులోపల నామెను బసకు తీసికొనివచ్చి పడుకొనబెట్టితిమి. ఒక గ్లాసు నీళ్లు త్రాగి, గ్లాసు చేతికిచ్చుచు, "ఇంకొంచెం పొయ్యవే అమ్మాయీ, ఈ ఊరి ఎండకు దాహం తీరడంలేదు" అనిరి. మేము మరల నింపి యిచ్చితిమి.