మదీనాలో ఉండిపోదామనుకున్నాం

మా ఇంట్లో ఇనుప ట్రంకు పెట్టె అడుగున రెండు తెల్లబట్టల మూటలున్నాయి. నాది మూడు ముక్కలు, మా ఇంటామెది ఐదు. చనిపోయాక ఒంటికి చుట్టే కఫన్‌లు. 2018లో హజ్‌కు పోయినప్పుడు మక్కాలో జమ్‌జమ్ నీళ్లలో తడిపి, బసచేసిన గదిలో తాడు కట్టి ఆరేసి, మడిచి తెచ్చుకున్నాం. హజ్‌కు పోయినవాళ్లలో చాలామంది చేసే పనే ఇది. ఏటా వానలు వెనకబట్టాక మా ఆమె వాటిని ఎండకు వేసి, కలరా ఉండలు మారుస్తుంది. వేసిన ప్రతిసారీ అదే మాట: "వీటిని ఇక్కడికి మోసుకురాకుండా మనమే అక్కడ ఉండిపోతే అయిపోయేది."

మాది తిరుమలగిరి. ముప్పై మూడేళ్లు సర్కారు బడుల్లో తెలుగు చెప్పాను. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, అంగట్లో రెండూ. రిటైరయ్యాక మదీనా పోయి అక్కడే కన్నుమూయాలనేది నా ఒక్కడి పిచ్చి కాదు. మదీనాలో చనిపోయినవారికి ప్రవక్త సిఫారసు దొరుకుతుందని మా నమ్మకం. అందుకే పాతకాలంలో ముసలితనం మీదపడగానే ఓడెక్కి పోయి అక్కడే ఉండిపోయినవాళ్లుండేవారు. ఉత్తరాది పండితుడు ఖలీల్ అహ్మద్ సహారన్‌పురీ అట్లాగే 1927లో మదీనాలో పోయారు. ఆయన శిష్యుడు మౌలానా జకరియా 1982లో. ఇద్దరూ ఉన్నది జన్నతుల్ బఖీలోనే.

బఖీ అంటే ప్రవక్త మసీదును ఆనుకుని ఉన్న శ్మశానవాటిక. మసీదులో ఫర్జ్ (తప్పనిసరి) నమాజు కాగానే మైకులో జనాజా నమాజు, అంటే చనిపోయినవారి కోసం చేసే నమాజు పిలుపు వస్తుంది. మేమున్న ఎనిమిది రోజుల్లో ఆ పిలుపు వినని రోజు లేదు. లక్షలమంది నిలబడి ఎవరో తెలియని మనిషి కోసం దువా చేస్తారు, ఆ వెంటనే పాడె బఖీ వైపు కదులుతుంది. ఫజర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత తలుపులు తీస్తే నేనూ లోపలికి పోయాను. మట్టి, చిన్న చిన్న రాళ్లు. రాళ్ల మీద పేరు లేదు, ఊరు లేదు. గుంపులు గుంపులుగా పావురాలు. ఎవరి సమాధి ఏదో చెప్పేవాళ్లు లేరు. గోరీ మీద పేరు చెక్కించుకోవాలనుకునేవాడికి అది చోటు కాదు.

ఆడవాళ్లను లోపలికి రానివ్వరు. మా ఆమె బయట కటకటాల దగ్గర నిలబడింది. నేను తిరిగొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది: "నన్ను ఇక్కడ పెడితే మీరు వచ్చి చూడొచ్చు. మిమ్మల్ని పెడితే నేను రాలేను గదా." దానికి నా దగ్గర ఇవాళ్టికీ జవాబు లేదు.

మన నేలకు మక్కా మదీనాలతో పాత బంధుత్వముంది. నిజాములు అక్కడ రుబాత్‌లు, అంటే యాత్రికుల సత్రాలు కట్టించారు. నిజాం రాజ్యం పోయినా అక్కడ బసచేసే హక్కు పోలేదు. మక్కా రుబాత్‌లో హజ్ రోజుల్లో ఉచిత బసకు పాత హైదరాబాద్ రాజ్యం జిల్లాలవాళ్లకే చీటీ తీస్తారు. కోదాడవాడికి ఆ చీటీలో పేరు వేసుకునే వీలుంది. పక్కనే ఉన్న జగ్గయ్యపేటవాడికి లేదు. నేనూ వేశాను, రాలేదు. వచ్చినా అది హజ్ నాళ్ల బసే తప్ప ఉండిపోయే ఇల్లు కాదు.

బఖీ చేరడానికి ఆఖరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ ఎంత ఆగాల్సి వచ్చిందో చూడండి. 1924లో టర్కీ ఆయన్ను వెళ్లగొడితే ఏడో నిజాం పింఛను ఇచ్చి ఆదుకున్నాడు. ఆయన కూతురు దుర్రు షెహ్వార్ 1931లో మన హైదరాబాద్ కోడలైంది. ఆయన 1944లో పారిస్‌లో పోతే టర్కీ తన మట్టిలో చోటివ్వలేదు. శవపేటిక పదేళ్లు పారిస్ మసీదులోనే ఉండి, 1954లో బఖీ చేరింది. ఖలీఫాకే అంత కాలం పట్టింది, నేనెంత?

రిటైరైనవాళ్లు దరఖాస్తు పెట్టుకునే మామూలు వీసా సౌదీలో లేదు. సూర్యాపేటలో ఒక ట్రావెల్ ఏజెంటు "లైఫ్ టైం వీసా ఇప్పిస్తా సార్" అని అడ్వాన్సు అడిగాడు. మా పెద్దోడు జెద్దాలో ఏసీ మెకానిక్. ఫోన్ చేస్తే, "అబ్బా, అట్లాంటిదేం లేదు, పైసలియ్యకు" అన్నాడు. అక్కడ ఉండాలంటే ఇకామా (నివాస అనుమతి) కావాలి, ఇకామాకు ఉద్యోగమో కఫీలో (పూచీదారో) ఉండాలి. వాడి మీద ఆధారపడినట్టు మమ్మల్ని చూపించినా తలకు నెలకు 400 రియాళ్ల ఫీజు. ఇద్దరికీ ఏడాదికి 9,600. 2019లో ప్రీమియం రెసిడెన్సీ వచ్చింది. కఫీలు అక్కర్లేదు, శాశ్వతంగా ఉండొచ్చు. రుసుము 8 లక్షల రియాళ్లు. మన లెక్కలో కోటీ ఎనభై లక్షల పైమాటే. ఏడాదికైతే లక్ష రియాళ్లు. నా ఇల్లు, పొలం అమ్మినా ఆ రుసుము నిండదు. విదేశీయులు ఆస్తి కొనేందుకు 2025లో కొత్త చట్టం ఆమోదించారు గానీ, మక్కా మదీనాలకు వేరే షరతులున్నాయి.

హజ్ కాక మిగతా రోజుల్లో చేసే ఉమ్రా యాత్ర వీసా మీద పోయి దాక్కుందామనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ వీసాకు గడువు 90 రోజులు. దాటితే జరిమానా, జైలు, ఇంటికి పంపడం. మా చుట్టపాయన ఒకరు అట్లాగే ఉండిపోయి, షుగర్ మందులకు కూడా బయటికి రాలేక, చివరికి తనే పోయి లొంగిపోయాడు. పుణ్యానికి పోయి ఆ దేశపు చట్టాన్ని మోసం చేయడం నాకు ఒప్పదు.

అనుకోకుండా అక్కడే ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. 2025 నవంబరు 17న మదీనాకు పోతున్న ఉమ్రా బస్సు ఆయిల్ ట్యాంకరును గుద్దుకుని, మంటల్లో చిక్కి 40 మందికి పైగా పోయారు. ఎక్కువమంది హైదరాబాద్ వాళ్లే. వాళ్లను బఖీలోనే ఖననం చేశారు. "అదృష్టవంతులు" అని మా మసీదు దగ్గర ఒకరన్నారు. ఆ మాట నాకు రుచించలేదు. కాలిపోయిన పిల్లల గురించి అనే మాట కాదది.

ఇక మా పక్కింటి కోమటాయనది వేరే బాధ. ప్రతి జనవరిలో జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు పోయే మనిషి. "సారూ, గంత దూరం పోయి ఆన్నే ఉంటరా? మన సైదులు బాబా ఈడ లేడా?" అంటాడు. ఆయనకు మదీనాకూ జాన్‌పహాడ్‌కూ తేడా చెప్పబోయి ఊరుకున్నాను. నేను పోతే పొద్దున పేపరు చదివి వినిపించేవాళ్లు ఉండరని ఆయన అసలు దిగులు.

మేం చివరికి ఒకటి అనుకున్నాం. చలికాలంలో ఉమ్రాకు పోయి, ఉండనిచ్చినన్ని రోజులుంటాం. బీపీ గోళీలు మూడు నెలలకు సరిపడా డాక్టరు చీటీతో పట్టుకుపోతాం. మన పింఛనుదార్ల హెల్త్ కార్డు అక్కడ పనికిరాదు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది కాబట్టి ఆ సంగతీ చూసుకోవాలి. కఫన్ మూటలు రెండూ ఈసారి సూట్‌కేసులో పెడుతున్నది మా ఆమె. టికెట్లు తీసుకున్నాం, రానూపోనూ.